వసంత సరస్సుకు రెండో లెక్క

ఏప్రిల్ 4, 2025, కోడేరు

మా ఇంట్లోవాళ్ళకు నేనెవరో ఇయ్యాల్టికి తెల్వదు. ఎమ్మెస్సీ జియాలజీ అంటే నాయిన లెక్కల బోరు పాయింట్ చూసే చదువు. అంతే. పొద్దున పాలకేంద్రం కాడ నలుగురి ముందర "మా వసంత రాళ్ళ చదువు చదివింది, నేల లోపటిదంతా దాని కండ్లకు కనబడ్తది" అని చెప్పి వచ్చిండు. పగటికి ఇద్దరు రైతులు ఇంటికే వచ్చిండ్రు. గడప బయట చెప్పులు ఇడిసి, నా ముందర చేతులు కట్టుకొని నిలబడ్డరు. నాయిన వయసు వాళ్ళు. నాకు సచ్చేంత సిగ్గయింది.

నేను చూసేది చంద్రుని మీది నేల, ఈ నేల కాదు అని చెప్పి పంపించిన. వాళ్ళు పోయినంక నాయిన అందుకున్నడు.

"చంద్రుని మీద నీళ్ళు దొరికినయని టీవీల చెప్పిండ్రు గద?"

"చెప్పిండ్రు."

"అంత దూరం నీళ్ళు కనబడ్తయి గని, మన చేన్ల కనబడయా?"

హరీష్ అన్న ఫోన్ల నుంచి తల ఎత్తకుండనే, "దానికి చెప్పబుద్ధి కాదు నాయినా. ఫోజు," అన్నడు.

ఫోజంట. మా దిక్కంతా గ్రానైటు. నీళ్ళుంటే పగుళ్ళల ఉంటయి, పగుళ్ళు లేకుంటే లేవు. మిషన్ పెట్టి చూడాలె, నా దగ్గర మిషన్ లేదు. తెల్వనిది తెల్వదని చెప్తే ఫోజు అయితదా?

నాయిన అప్పటిసంది నాతోని మాట్లాడుతలేడు. ఆదివారం ఇద్దరు పాయింట్ చూసేటోళ్ళను పిలుస్తడంట. ఒకడు చూసింది ఇంకొకడికి తెల్వకుండ. ఇద్దరూ ఒక్కతాన్నే పెడ్తే అక్కడ బోరు.


ఏప్రిల్ 5

కలిసినయి! నా లెక్క, ఎమ్మెస్సీల నాతోని చదివిన ఫరా లెక్క కలిసినయి. మా ప్రొఫెసర్ భాస్కర్ సార్ పొద్దుగాల్నే మెసేజ్ పెట్టిండు. "రెండూ అచ్చు గుద్దినట్టు వచ్చాయమ్మా. ఇక పేపర్ రాసుకుందాం."

ఫరాకు ఫోన్ చేస్తే ఎత్తలేదు. తర్వాత నవ్వే బొమ్మలు నాలుగు పెట్టింది. ఎప్పుడు చూడు గంట మాట్లాడేది, ఇయ్యాల బొమ్మలు పెట్టింది. పని మీద ఉన్నట్టుంది.

ఇంట్ల ఎవరికి చెప్పాలె? అమ్మకు చెప్తే "జీతం ఎంతనే" అంటది. నాయిన మాట్లాడడు. మాట్లాడితే ఇట్ల చెప్తును అని మనసుల అనుకుంట కూసున్న:

నాయినా, చంద్రుని పడమటి అంచుకు ఓరియంటేల్ అని ఒక గుంత ఉన్నది. మన ఊరి నుంచి కన్యాకుమారి దాంక ఎంతనో అంత వెడల్పు. మూడు వందల ఎనభై కోట్ల ఏండ్ల కింద ఒక జిల్లా అంత రాయి వచ్చి గుద్దింది. చెర్ల రాయేస్తే లేచిన అలలు లేచినట్టే బిగుసుకపోతే ఎట్లుంటది, అట్ల చుట్టూ గుట్టల వలయాలు. లావా మాత్రం ఆనాడే రాలేదు. ఎన్నో కోట్ల ఏండ్లు ఆగి, లోపల వేడి పేరుకొని పేరుకొని, పగుళ్ళ గుండ పైకొచ్చి, ఆ వలయాల సందుల నల్లగ మడుగులు కట్టి గడ్డకట్టింది. అసొంటి మడుగు ఒకటి లాకస్ వెరిస్. అంటే వసంత సరస్సు.

(మొదటి రోజు ల్యాబ్‌ల ఫరా ఎగతాళి: "నీ పేరు మీద చెరువే ఉన్నది యార్. నీళ్ళు లేవు గని.")

ఆ లావా ఎన్నటిదో ఎట్ల తెలుస్తది అంటవా? దాని మీద పడ్డ చిన్న గుంతలు లెక్కవెట్టాలె. వాన మొదలైనప్పుడు దుబ్బ మీద చినుకులు చూస్తవు గద, చినుకుల గుర్తులు తక్కువుంటే ఇప్పుడే మొదలైనట్టు, ఎక్కువుంటే చానసేపు అయినట్టు. గట్లనే. గుంత అంచు మీద మూడు చుక్కలు పెడితే కంప్యూటర్ గుండ్రం గీస్తది. గని అన్ని గుంతలు లెక్కల రావు. వేరే ఎక్కడో పెద్ద దెబ్బ పడితే ఎగిరొచ్చిన ముక్కలు గుంపులు గుంపులుగ చేసిన గుంతలుంటయి, వాటిని ఇడిసిపెట్టాలె. ఏది అసలుది, ఏది ఎగిరొచ్చింది అని కన్నే చెప్పాలె. ఒక్కోసారి కన్ను అబద్ధం చెప్తది. గందుకే ఇద్దరు. ఒకరిది ఒకరు చూడకుండ.

నీ పాయింట్ వాళ్ళ లెక్కనే, నాయినా.

నా లెక్క ప్రకారం ఆ సరస్సు దక్షిణం కొస మీది లావా, ఇన్నొద్దులు అందరూ అనుకున్నదానికంటె వంద కోట్ల ఏండ్లు చిన్నది. అంటే చంద్రుని కడుపుల వేడి అంత కాలం ఆరలేదు. ఒక్కదాన్నే చెప్తే ఎవరూ నమ్మరు. ఇప్పుడు ఇద్దరం చెప్తున్నం. పేపర్ పంపితే సార్‌కు కొత్త ప్రాజెక్ట్ వస్తది, అండ్ల రెండు పోస్టులు. ఒకటి నాది, ఒకటి ఫరాది. జూన్ల హైదరాబాద్.


ఏప్రిల్ 6, ఆదివారం

పొట్ట పట్టుకొని నవ్వీ నవ్వీ వచ్చిన.

పొద్దున పాయింట్ చూసే పెద్దకొత్తపల్లి తాత వచ్చిండు. అరచేతి మీద కొబ్బరికాయ పండవెట్టుకొని చేనంత నడిచిండు. కాయ లేచి నిలబడ్డ కాడ ఆగిండు. నాయిన అక్కడ ఒక తెల్ల రాయి పెట్టి, ఛాయ తాపి ఆయనను పంపిచ్చిండు. రాయి పెడ్తే రెండో ఆయనకు తెలుస్తది గద అంటే, మూడు రోజులల్ల మొదటిసారి నాకు జవాబిచ్చిండు: "చేన్ల రాళ్ళకు కరువా? ఎవడు గుర్తువడ్తడు?"

అమ్మ, నేను పగటికి సద్ది తీసుకపోయినం. కుక్క గిన్నె చుట్టే తిరుగుతున్నదని అమ్మ అక్కడ కనబడ్డ తెల్ల రాయే తెచ్చి మూత మీద పెట్టింది. తిన్నంక ఆ రాయిని అట్లనే తంగేడు చెట్ల దిక్కు విసిరేసింది. నాయిన గట్టు అవతల కునుకు తీస్తున్నడు.

అంతల రెండో ఆయన దిగిండు, మానవపాడు దిక్కాయన. చేతుల వేప పంగ కర్ర. కండ్లు మూసుకొని నడుస్తున్నట్టె నడిచిండు. సక్కగ తంగేడు చెట్ల కాడికి పోయిండు. తెల్ల రాయి పక్కన పంగ కిందికి వంగింది. మామూలు వంగుడు కాదు, చేతుల నుంచి గుంజుకున్నట్టు ఊగింది.

నాయిన ఉరికొచ్చిండు. ఆయనకు రాయే గుర్తు, జాగ కాదు. "ఇద్దరు ఒక్కతాన్నే పెట్టిండ్రే, కిష్టమ్మా!"

అమ్మ నా మొఖం చూసింది. నేను అమ్మ మొఖం చూసిన. ఇద్దరికి నవ్వు ఆగక అమ్మ కొంగే ఇద్దరం నోట్ల కుక్కుకున్నం.

ఇంటికొచ్చినంక అమ్మ ఉన్నమాట చెప్పింది. నాయిన పంగ ఆయనను ఒక్క మాట అనలే. అమ్మ మీదికి లేచిండు. "నువ్వెందుకు కదిలిచ్చినవే రాయి? సక్కగ కలిసిన దాన్ని నాశనం చేసినవ్!"

సక్కగ కలిసిందంట!


ఏప్రిల్ 7

సార్ రెండు లెక్కల ఫైళ్ళు పంపిండు, పేపర్‌కు బొమ్మ గీయమని. నాది ముందుగాల శుభ్రం చేస్తున్న. సరస్సు నడుమ, నున్నటి లావా మీద ఒక గుండ్రం. దాని కింద గుంత లేదు. ఏమీ లేదు. ఉత్త నేల.

యాదికొచ్చింది. జనవరిల అమ్మ ఛాయ పట్టుకొచ్చి నా మోచెయ్యి తాకింది. చెయ్యి జారి పడ్డ గుండ్రం అది. అప్పుడే తీసేస్తును, ఛాయ తాగుకుంట మర్చిపోయిన.

నవ్వుకుంట తీసేసిన.


ఏప్రిల్ 8

ఫరా ఫైల్ల గూడ ఉన్నది ఆ గుండ్రం.


ఏప్రిల్ 9

సార్ రెండు ఫైళ్ళు ఒక్కతాన పెట్టినప్పుడు నాది పోయి దాంట్ల కలిసి ఉంటది. ఫైళ్ళు అట్ల కలుస్తయి. మా క్లాసుల ఒకరికి గిట్లనే అయింది. ఎవరికో గుర్తులేదు గని, అయింది.

ఫరాను అడిగితే బాగుండదు. అనుమానిస్తున్న అనుకుంటది. నాలుగేండ్ల దోస్తాన్ని ఒక్క గుండ్రం కోసం ఖరాబు చేసుకుంటరా ఎవరన్న?

ఇయ్యాల ఫైలు తెరవలే.


ఏప్రిల్ 10, గురువారం

తెరిచిన.

జనవరిల జరమొచ్చిననాడు నేను ఈశాన్యం మూల సగమే గీసి ఇడిసిపెట్టిన. ఫరా ఫైల్ల గూడ ఆ మూల సగమే ఉన్నది. నేను ఎగిరొచ్చినవి అని ఇడిసిపెట్టిన గుంపులు అన్నీ ఆమె గూడ ఇడిసిపెట్టింది. ఒక గుంపు నేను ఇడిసిపెట్టాల్నా వద్దా అని రెండు రోజులు ఆగమై, ఆఖరికి నాలుగు గీసి మిగిలినవి వదిలేసిన. ఆమె గూడ అవే నాలుగు గీసింది.

ఫైళ్ళు కలుసుడు కాదు ఇది.

ఎప్పుడు చేసిందో గూడ తెలుసు. ఫిబ్రవరిల అన్న నిశ్చితార్థానికి వచ్చి మా ఇంట్ల మూడు రోజులున్నది. నా పక్కనే పండుకున్నది. అమ్మ కలిపి పెట్టిన ముద్దలు తిన్నది. చీరలకని అమ్మ, నేను నాగర్‌కర్నూల్ పోయిననాడు తలనొప్పి అని ఇంట్లనే ఉన్నది. "ఇల్లు చూసుకో బిడ్డా," అన్నది అమ్మ పోయేటప్పుడు. లాప్‌టాప్ పాస్‌వర్డ్ ఆమె పెట్టిచ్చిందే.

ఈ సాయంత్రం బట్టలు పిండుతుంటే ఏడుపొచ్చింది. మొన్న చూసినప్పుడు రాలే, నిన్న రాలే, ఇయ్యాల బకెట్ ముందర కూసున్నప్పుడు వచ్చింది. అమ్మ చూసింది.

"ఎవడే వాడు?"

"ఎవడు లేడమ్మా."

"ఎవడు లేకుంటే గిట్ల ఏడుస్తరానే? ఎక్కడోడు? మనోడేనా?"

హరీష్ అన్న లోపట్నుంచి, "ఫోన్ చూడాల్నా అమ్మా?" అన్నడు. చూసుకో పో అని మొఖం మీద కొట్టినట్టు ఇచ్చిన. అండ్ల ఫరా ఫోటోలు, చంద్రుని ఫోటోలు తప్ప ఏమున్నయి? అన్న అన్నీ చూసి, నీరుగారిపోయి, వాపస్ ఇచ్చిండు. మొగోడి ఫోటో ఒక్కటన్న దొరికితే వాళ్ళకు పానం నిమ్మలమైతుండె.

దోస్తు మోసం చేసిందని చెప్తే అమ్మ నమ్మలే. "ఫరానా? పో! ఆ పోరి బంగారం." మళ్ళ జర ఆగి, "వాడి సంగతి చెప్పు," అన్నది.


ఏప్రిల్ 12

కొత్తకోట పోయొచ్చిన. వనపర్తిల బస్సు మారి.

హైవే పక్కన ఫరా వాళ్ళ నాయిన జమీల్ చాచా షెడ్డు. లారీల కమాన్ పట్టీలు కొడ్తడు. నన్ను చూసి సుత్తె పక్కన పెట్టి, "ఆవ్ బేటీ, హైదరాబాద్ పోతున్నరంట గద ఇద్దరు! మిఠాయి ఏది?" అన్నడు. అంటే ఆమె ఇంట్ల చెప్పుకున్నది. నేనే ఎవరికి చెప్పుకోలే.

షెడ్డు ఎనక వాళ్ళ ఇల్లు. ఫరా బియ్యం చెరుగుతున్నది. నన్ను చూసి చాట కింద పెట్టింది. మొఖంల రంగు పోయింది. ఆ రంగు చూసినప్పుడే నా బస్సు కిరాయి దండుగ అనిపిచ్చింది, జవాబు వచ్చేసింది.

"ఏమీ లేని జాగల గుండ్రం ఎందుకు గీసినవ్ ఫరా?"

బయట సుత్తె దెబ్బలు ఒకటే తీరుగ పడుతున్నయి.

"కసమ్ సే, నేను లెక్కవెట్టిన యార్," అన్నది. "పని ఎగ్గొట్టే కామ్‌చోర్‌ను కాదు నేను. నవంబర్ నుంచి జనవరి దాంక మొత్తం పెట్టిన."

"మరి?"

"కలవలే."

"ఏం కలవలే?"

"నీకు చిన్నది వచ్చింది. నాకు పాతదే వచ్చింది. అందరికి వచ్చేదే. నువ్వు ఇడిసిపెట్టిన గుంతలు సగం నాకు అసలువే అనిపిచ్చినయి."

నేను పీట మీద కూసున్న.

"నాకు చిన్నది వచ్చిందని నేను చెప్పకముందే నీకెట్ల తెలుసు?"

"నీ మొఖం చూస్తే తెల్వదా? నిశ్చితార్థానికి నేను వచ్చిననాడే ఎగిరెగిరి పడ్తున్నవ్. అప్పుడే తెరిచి చూసిన." కండ్లల నీళ్ళు తిరిగినయి ఆమెకు. నాకు రాలే. "వసంతా, నీ కన్ను నాకంటె మంచిది. క్లాసుల ఎప్పుడు చూసినా నీదే కరెక్ట్. నాదే తప్పు అనుకున్న. కలవకపోతే సార్ పేపర్ ఆపుతడు, ప్రాజెక్ట్ ఆగుతది, ఇద్దరం ఇంట్ల కూసుంటం. నీకోసమే చేసిన. నిన్ను నమ్మి చేసిన."

"నీ లెక్క ఏది?"

"ఏది అంటే?"

"నువ్వు పెట్టిన లెక్క. పాతది వచ్చిన లెక్క. ఎక్కడున్నది?"

"తీసేసిన."

"మొత్తమా?"

"మొత్తం. ఎవరన్న చూస్తరని."

లోపల వాళ్ళమ్మ కుల్సుమ్‌బీ ఛాయ పెడ్తున్నది. "చక్కెర ఎక్కువెయ్యాల్నా తక్కువనా బిడ్డా?" అని అడిగింది. వద్దన్న. ఏ ఇంట్ల ఛాయ వద్దన్నా బాగుండదు, ఆ ఇంట్ల ఎన్నడూ అనలే. ఇయ్యాల అన్న.

నేను లేస్తుంటే ఫరా నా చెయ్యి పట్టుకున్నది. "కాపీ కొట్టింది తప్పే. మాఫ్ చెయ్. గని నీ లెక్కనే గదా నిలబడ్డది? నీది ఏం పోయింది?"

ఏం పోయిందో ఆమెకు సమజ్ కాదు. బస్సుల నాకే సగం దూరం దాంక సమజ్ కాలే.

దొంగతనం చేస్తే చేసింది. నా గుండ్రాలు ఎత్తుకపోతే ఎత్తుకపోయింది. నేను తప్పు అని చెప్పే మనిషి ఈ భూమ్మీద ఒక్కతె ఉండె. నెలల పొంటి కండ్లు పోగొట్టుకొని ఆ మాట తయారు చేసింది. తయారు చేసి, నాకు చెప్పకుండ తుడిచేసి, నా మాటే తిప్పి నాకు వినిపిచ్చింది. నేనేమో అది విని ఎగిరిన. కలిసినయి కలిసినయి అని.

ఇప్పుడు ఆ లావా చిన్నదా పాతదా నాకే తెల్వదు.


ఏప్రిల్ 13

సార్‌కు ఫోన్ చేసి మొత్తం చెప్పిన. ఫరా మీద కోపం చేస్తడు, కేకలేస్తడు, నేనే జర ఆపాల్సి వస్తదేమో అనుకున్న.

ఆయన మొదటి మాట: "ఇంకెవరికి చెప్పావమ్మా?"

రెండో మాట: "అసలు ఫరా ఫైల్ నువ్వెందుకు తెరిచావు?"

"బొమ్మ గీయమని మీరే పంపిండ్రు సార్."

"బొమ్మ గీయమన్నాను. పోల్చి చూడమనలేదు."

నాయిన అమ్మను అడిగినట్టె అడిగిండు. నాయిననన్న నయం, ఆయనది మూడెకరాల మెట్ట, నీళ్ళ మీది ఆశ.

తర్వాత మెత్తగ మాట్లాడిండు. నీ కన్ను మీద నాకు నమ్మకమమ్మా అన్నడు. నీ లెక్క మంచి లెక్క, రెండోది నామకార్థం అన్నడు. ప్రాజెక్ట్ గడువు నెలాఖరు, మళ్ళ లెక్కవెడితే ఆర్నెల్లు పడ్తది, ఆడపిల్లలు ఇంట్ల నుంచి బయటపడే ఛాన్స్ మళ్ళ మళ్ళ రాదు అన్నడు. "నువ్వే ఆలోచించుకో."

"నేను ఇడిసిపెట్టిన గుంతలు ఫరాకు అసలువి అనిపిచ్చినయంట సార్. ఆమెదే కరెక్ట్ అయితే?"

"ఆమె లెక్క ఇప్పుడు లేదు కదమ్మా."

లేదు కదమ్మా! రెండేండ్లు ఈ మనిషి క్లాసుల మొదటి బెంచీల కూసున్న.


ఏప్రిల్ 14

ఆలోచించుకుంటే ఆలోచించుకుంటే చెప్పకుండ ఉండొచ్చు అని గూడ అనిపిస్తున్నది. నాదే కరెక్ట్ కావచ్చు గద. నా కన్ను మంచిదని ఇద్దరూ అంటున్నరు. నాదే కరెక్ట్ అయితే ఎవరికి నష్టం? జూన్ల హైదరాబాద్. సొంత రూము. సొంత తాళంచెవి. బోర్లు లేవు, "ఎవడు" అనుడు లేదు.

నాదే కరెక్ట్.

నాదే కరెక్ట్ కావచ్చు.

పగటీలి ఆ నాలుగు గీసి ఆపిన గుంపు మళ్ళ తెరిచిన. నా గుండ్రాలు తీసేసి, ఉత్త ఫోటో పెట్టుకొని, ఫరా కండ్లతోని చూద్దామని చూసిన. జనవరిల ఎగిరొచ్చినవి అనిపిచ్చినయి ఇయ్యాల అసలువి అనిపిచ్చినయి. జర ఆగి మళ్ళ చూస్తే ఎగిరొచ్చినవే అనిపిచ్చినయి. ఎంత చూసినా నా కండ్లు నావే ఉన్నయి.

నాయిన చేన్ల నుంచి వచ్చి నా పక్కన కూసున్నడు. లాప్‌టాప్‌ల ఫోటో చూసి, "గివేనా నువ్వు లెక్కవెట్టేటివి?" అన్నడు. అవునన్న. "చానున్నయి గద," అన్నడు. నాతోని మాట్లాడిండు, అదే చాలు అనుకోవాలె. గని లేచి పోయేటప్పుడు, "ఆ పిల్లగాడు ఎవరైనా గాని, మంచోడైతే చెప్పు బిడ్డా. నేను చూసుకుంట," అని నెత్తి మీద చెయ్యి పెట్టిండు.

ఆ చెయ్యి కింద నవ్వాల్నో ఏడ్వాల్నో తెల్వలే. ఎంత ప్రేమగ చెప్పినా నాకు కాదు, ఇంకెవరికో చెప్పినట్టే ఉన్నది.


ఏప్రిల్ 15

పొద్దున సార్‌కు మెయిల్ పెట్టిన. ఫరాకు కాపీ పెట్టిన. వసంత సరస్సుకు రెండు లెక్కలు లేవు, ఒక్కటే ఉన్నది, అది నాది, దాన్ని వాపస్ తీసుకుంటున్న, ఏ పేపర్లనూ వాడొద్దు అని రాసిన.

సార్ ఫోన్ చేసిండు, ఎత్తలే. ఫరా చేసింది, ఎత్తలే. జమీల్ చాచా నంబర్ నుంచి గూడ వచ్చింది. అదీ ఎత్తలే.

పోస్టు పోయింది. ఆమెది గూడ పోయింది.

ఫరాతోని ఇగ మాట్లాడ. లెక్క మొదటినుంచి మళ్ళ పెడ్త. నన్ను తెల్వని మనిషిని ఎవరినన్న దేవులాడి, రెండో లెక్క వాళ్ళతోని పెట్టిస్త. పాతదే అని తేలితే పాతదే అని రాస్త.